తొందరయ్య వెనకాల

మొన్న మా బడికి కొత్త పుస్తకాల మూట వచ్చింది. కామారెడ్డిలో నేను చిన్న తరగతుల పిల్లలకు చదువు చెప్పే బడి అది. మూట విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెడుతుంటే పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లా ముసిరారు. వాటి మధ్య కొత్త అట్ట వేసుకుని, రంగులు కాస్త ఎక్కువ పూసుకుని, నా చిన్నప్పటి బొమ్మల పుస్తకంలోని తొందరయ్య కనిపించాడు. అదే తలపాగా, నెత్తిన అదే బుట్ట, నేలకు అతికించినట్టు అవే చూపులు. "టీచర్, ఇది చదువుండ్రి" అని ఒక పిల్ల నా ఒళ్లో పెట్టేసింది. నెమలి పేజీ బాగానే గడిచింది. గొడుగు పట్టుకున్న ఏనుగు పేజీకి అందరూ నవ్వారు. చెట్టు చాటున పులి నిలబడ్డ పేజీ తిప్పేసరికి నా నాలుక పిడచగట్టుకుపోయింది. బొమ్మ పులిని చూసి, ఇంత పెద్ద ఆడమనిషిని, నీళ్ల సీసా కోసం వెతుక్కున్నాను. పిల్లలు మాత్రం "తొందరయ్యా, వెనకాల చూడు, వెనకాల చూడు!" అని అరుస్తూ పడీ పడీ నవ్వుతున్నారు.

మాది ఎల్లారెడ్డి దాటాక అడవి అంచున ఉన్న చిన్న పల్లె. పోచారం వైపు నుంచి వచ్చే అడవి మా చేన్ల గట్ల దాకా వచ్చి ఆగుతుంది. నేను ఐదో తరగతి అయిన ఏడు తెలంగాణ కోసం బందుల మీద బందులు. బడి తెరిచిన దినాలకన్నా మూసిన దినాలే ఎక్కువని పెద్దవాళ్లు అనేవారు. ఎండాకాలం సెలవులకు ముందు మా టీచరమ్మ, "బందులల్ల పోయిన చదువు ఇంట్ల చదువుకోండ్రి" అని తలా ఒక బొమ్మల పుస్తకం చేతిలో పెట్టి పంపింది. నాకు తొందరయ్య వచ్చాడు. ఆయన సంతకు పోతుంటాడు. ఆయన వెనకాల నెమలి పురి విప్పుతుంది, వాగు గట్టెక్కి నాట్యం చేస్తుంది, చందమామ దిగొచ్చి నెత్తి మీది బుట్టలో కూర్చుంటాడు. "ఇవాళ బుట్ట బరువైంది" అని ఈయన ఇంకా వేగంగా నడుస్తాడు. ప్రతి పేజీ అడుగునా ఒకే మాట: "తొందరయ్యకు తీరిక లేదు. తల ఎత్తలేదు, వెనక్కి చూడలేదు." చివరి పేజీలో వింతలన్నీ వెళ్లిపోయి, తెల్లటి కాగితం మీద ఆయన ఒక్కడే నిలబడి ఉంటాడు.

రాసినవాళ్లు పిల్లలకు సరదాగా ఒక బుద్ధి మాట చెబుదామనుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ పుస్తకంతో భయం పట్టుకుంది. నేను అసలే పిరికిదాన్ని, తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడేదాన్ని. ప్రతి మనిషి వెనకాలా ఎప్పుడూ ఏదో ఒకటి నిలబడి ఉంటుందని, పని తొందరలో ఉన్నవాళ్లకు అది కనబడదని నాకు రూఢి అయిపోయింది. వెనక్కి చూసుకుంటూ నడిచి బోరింగు దగ్గర బిందెకు సొట్ట పెట్టాను. పొయ్యి దగ్గర వంగి రొట్టెలు చేస్తున్న అమ్మ వెనకాలకు పోయి, గోడకూ ఆమెకూ మధ్య నిలబడేదాన్ని. "ఏందే గట్ల నెత్తి మీద నిలవడ్డవు? జరుగు, పొగ పోనియ్యి" అనేది అమ్మ.

అమ్మ తొందరయ్యకు సొంత చెల్లెలే అనుకునేదాన్ని. బాపు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి, పండుగకో పెళ్లికో వచ్చేవాడు. ఇంట్లో మేమిద్దరమే. చీకటి ఉండగానే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, పొయ్యి రాజేసేది. జొన్నపిండి చేతుల మధ్య చప్పుడు చేస్తూ రొట్టెగా పెరిగేది. కాలిన జొన్నరొట్టె వాసన, రోట్లో నూరిన పచ్చిమిరపకాయ ఘాటు, తడిసిన మట్టి వాసన కలిసి నా నిద్రను చెడగొట్టేవి. ఆ తర్వాత గొడ్లు, గడ్డి, కలుపు, కూలి. అన్నం కూడా ఆమె నిలబడే తినేది. పుస్తకం తెచ్చి నెమలి బొమ్మ చూపిస్తే, "మంచిగుంది" అని బొమ్మ వైపు చూడకుండానే అనేది. చదవడం ఆమెకు రాదు, సరే. బొమ్మలు చూడటానికి చదువు ఎందుకు? నాకు చాలా కోపం వచ్చేది. ఆ కోపం అడుగున ఉన్నది కూడా భయమే. ఈమె ఇలా తల దించుకునే ఉంటే, వెనకాల ఏదైనా వచ్చి నిలబడితే ఎట్లా?

అప్పుడే తునికాకు మొదలైంది. బీడీలు చుట్టే ఆ ఆకు ఎండాకాలంలో కొద్ది రోజులే వస్తుంది. ముందే కొట్టేసిన పొదలకు లేత చిగురు పుట్టి, నడుము ఎత్తున పరుచుకుంటుంది. ముదరకముందే కోయాలి. అందుకని కోడి కూయగానే ఆడవాళ్లు గుంపుగా అడవిలోకి పోయి, ఎండ ముదిరేలోగా ఒడి నింపుకుని వస్తారు. ఇంటికొచ్చి కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి, అంటే ఆకు కొనేవాళ్లు కట్టలు ఆరబెట్టే బయలుకు, మోసుకుపోతారు. ఆ ఆకు మీద వచ్చినదే మాకు వానాకాలం విత్తనం. ఆ ఏడు సరిగ్గా ఆకు మొదలయ్యే ముందు, ఇండ్ల వెనకాల కట్టేసిన ఒక లేగదూడను ఏదో పట్టుకుపోయింది. వాగు ఇసుకలో దాని గిట్టలు ఈడ్చిన జాడ మాత్రం మిగిలింది. మగవాళ్లు కర్రలు పట్టుకుని చూసివచ్చారు గాని ఎవరూ ఏమీ తేల్చలేదు. ఆకు కోసే గుంపుకు పెద్ద సాయవ్వ. మా అమ్మకు అక్క వరస. ఆమె ఒక్క మాటతో ముగించేసింది: "దుమ్ములగొండే అయ్యుంటది. పులి లేదు గిలి లేదు. రేపు అందరు రావాలె." మావైపు చిరుతనూ పులి అనే అంటారు. ఆ మాట పుడితే ఒక్కరూ అడవిలోకి రారని, ఒక్కరు ఆగినా గుంపు చెదురుతుందని ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు. అందుకే అందరూ దుమ్ములగొండి అనే అన్నారు.

నన్ను ఇంట్లో వదలకుండా అమ్మ వెంట తీసుకుపోయింది. మొదటి దినం నేనూ ఆకు కోశాను. అడవంతా రాలిన ఇప్పపువ్వు తీపి వాసన, దాని మీద తునికాకు పచ్చి వగరు. ఆడవాళ్లు మాట్లాడుకోకుండా కోస్తారు, మాట్లాడితే చెయ్యి నెమ్మదిస్తుందని. టప్ టప్ మని తొడిమలు తెగే చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అందరి వీపులూ నేలకు వంగి, పొదల మధ్య మెల్లగా కదులుతుంటాయి. మర్నాడు చీకట్లో రొట్టెలు మూట కడుతూ, "నీ పుస్తకం తెచ్చుకో" అంది. నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

అడవిలో నన్ను తనకు ముందు, గుంపుకు నడుమ నిలబెట్టి, "నువ్వు ఆకు కొయ్యకు. బిగ్గర సదువు. అందరికినవడాలె" అంది. సాయవ్వ నవ్వింది. "ఆకు కోసే పొల్లను సదువుల వెట్టినవు. నీ బిడ్డ కలెక్టరైతదా?" అమ్మ ఆకు తుంపుతూనే, "అయితది. నీకేంది?" అంది. నా సంతోషానికి హద్దు లేదు. పొద్దు పొడిచే వెలుగులో అక్షరాలు కనబడీ కనబడకముందే గొంతెత్తి చదివాను. పుస్తకం అయిపోతే అమ్మ "మల్ల సదువు" అనేది. ఎన్నిసార్లు చదివినా "మల్ల" అనేది. రెండు మూడు దినాల్లో ఆడవాళ్లందరికీ ఆ మాట నోటికొచ్చింది. "తొందరయ్యకు తీరిక లేదు" అని నేననగానే, పొదల్లోంచి నలుగురైదుగురు "తల ఎత్తలేదు" అని అందుకునేవారు. మా అమ్మకు ఇప్పటికైనా కథ నచ్చింది కదా అని నేను మురిసిపోయాను.

ఒక పొద్దున తెల్ల కాగితం పేజీ అయ్యాక, మళ్లీ మొదటికి తిప్పుతూ తల ఎత్తాను. అమ్మకు వెనకాల, ఎండిన మోదుగ పొద కింద, రెండు చెవులు కనిపించాయి. చెవుల కింద కళ్లు. అవి నన్ను చూడటం లేదు. వంగి ఉన్న మా అమ్మ వీపును చూస్తున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా" అన్నాను. అది మాటలా కాక గాలిలా వచ్చింది. అమ్మ తల ఎత్తలేదు. ఆకు తుంపుతున్న చెయ్యి ఆగలేదు. "సదువు ఆపకు" అంది. నెమలి పేజీ చదివాను. ఒక్కో పదం మధ్య పొద వైపు చూశాను. వాగు పేజీ దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. ఎండిన ఆకులు, వాటి మీద ఎండ, అంతే. మా అమ్మ తొందరయ్య కంటే అన్యాయం అనుకున్నాను. తొందరయ్యకు కనీసం చెప్పేవాళ్లు లేరు. నేను పిలిచినా ఈమె చూడలేదు.

ఇంటికొచ్చి చెప్పబోతే, "తినేకాడ గా ముచ్చట వద్దు" అంది. ఆగలేక సాయవ్వ దగ్గరికి పోయాను. "పెద్దమ్మా, మోదుగ పొద కాడ పులి..." అని ఇంకా అనకముందే అమ్మ నా వెనకాలే వచ్చి, నా భుజం పట్టుకుని నవ్వింది. "పుస్తకంల పులి, అక్క. గదే పానమైంది దీనికి." సాయవ్వ అమ్మ మొహంలోకి ఒక క్షణం చూసి, "అవునవును, పుస్తకంలదే" అంది. నేను అబద్ధాలకోరునైపోయాను. ఆ సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర సిగ్నలు దొరికే చోట నిలబడి అమ్మ బాపుతో ఫోన్లో మాట్లాడింది. "అంత మంచిదే. ఆకు మంచిగున్నది. బిడ్డ రోజు సదువుతుంది" అంది. ఫోను నా చెవికి పెట్టింది. బాపు అంత దూరం నుంచి ఏం చెయ్యగలడు? "మంచిగున్న బాపు" అన్నాను.

ఆ తర్వాత తెల్లవారి రొట్టె తినబుద్ధయ్యేది కాదు. వడగండ్ల వాన పడి ఆకంతా చిల్లులు పోవాలని మొక్కుకున్నాను. వానకు బదులు ఎండలు ముదిరాయి. జ్వరమని పడుకుంటే, అమ్మ నుదురు మీద చెయ్యి వేసి చూసి, "లే, పోదాం" అంది. నేను ఇంట్లో ఆగితే ఆమె ఒక్కతే పోతుంది. ఆమె వీపు వెనకాల చూసే కళ్లు ఉండవు. అందుకే లేచాను. పుస్తకం చూడకుండానే చదివేదాన్ని, అప్పటికి అంతా నోటికొచ్చింది. కళ్లు మాత్రం పొదల్లోనే ఉండేవి. ఒకసారి ఏమీ కనబడేది కాదు. ఒకసారి తోక కొస కదిలిందనిపించేది. కనబడ్డ రోజుకన్నా కనబడని రోజే ఎక్కువ భయం.

ఆకు అయిపోవస్తున్న దినాల్లో, దగ్గరి పొదలన్నీ ఖాళీ అయ్యాక, గుంపు బండల వైపు కొంచెం చెదిరింది. సాయవ్వ వాళ్లు బండ అవతలికి పోయారు. ఇవతల మేమిద్దరమే. "ఏనుగు గొడుగు పట్టుకుని" అంటున్నాను. అది బండ పక్కనుంచి వచ్చి నిలబడింది. పొద చాటు కూడా లేదు. మా ఇంటి వాకిలంత దూరం. అమ్మ దానికి వీపు పెట్టి వంగి ఉంది. నా నోరు తెరిచే ఉంది గాని గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. అడవంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అది ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పుడు అమ్మ అందుకుంది. "గొడుగు వట్టుకోని ఏనుగొచ్చె. తొందరయ్యకు తీర్క లేదు. తల ఎత్తలె, ఎన్కకు సూడలె." అంత పెద్ద గొంతు మా అమ్మకు ఉందని నాకు తెలియదు. ఆమె ఆ పుస్తకంలో ఒక్క బొమ్మ వైపూ చూసి ఎరగదు, అక్షరం ముక్క రాదు. ఏనుగు తర్వాత చందమామ అని, చందమామ తర్వాత బుట్ట బరువని, ఒక్క పేజీ తప్పకుండా చెబుతోంది. చెబుతూ చెబుతూ మెల్లగా నడుము ఎత్తింది. తిరిగి చూడకుండా, పరుగెత్తకుండా, చెయ్యి చాపి నన్ను నడుముకు లాక్కుంది. ఒళ్లంతా వణుకుతోంది, గొంతు మాత్రం వణకడం లేదు. "సందమామొచ్చి బుట్టల కూసుండె! సాయవ్వా, తొందరయ్యకు తీర్క లేదట, మీరందరు గిట్ల రాండ్రి!" బండ అవతల నుంచి సాయవ్వ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత గొంతు చించుకుని అందుకుంది: "తల ఎత్తలె! ఎన్కకు సూడలె!" అందరూ ఒకేసారి అరుస్తూ, కొమ్మలతో పొదలు కొడుతూ వచ్చారు. నేను మళ్లీ కళ్లు తెరిచేసరికి బండ పక్కన ఏమీ లేదు.

ఊరి దారిలో నడుస్తుంటే అడిగాను. "నువ్వు సూసినవా?"

"మొదటి దినమే సూసిన. పొద కింద కాళ్లు."

"మరి నన్ను అబద్ధాలదాన్ని ఎందుకు చేసినవు?"

అమ్మ నడుస్తూనే చెప్పింది. "నలుగురికి ఎర్కయితే ఎవ్వరు రారు. ఒక్కదాన్ని ఎట్ల పోవాలె? ఆకు ఇడిసిపెడితే వానాకాలం ఏ ఇత్తనం అలుకుదుము? నిన్ను ఇంట్ల ఉంచుదమంటె, లేగను ఇంటెన్కనే పట్టె. వంగితే మనం మనుషులమని దానికి ఎర్కుండది బిడ్డా. మేకో గొడ్డో అనుకుంటది. గొంతు ఇంటేనే మనిషని పోతది. నాకు పాటలు రావు. నీకు సదువొచ్చు."

ఆ ఏడు ఆకు అయిపోయేదాకా ఆ అడవికే పోయాం. సాయవ్వ గుంపును చెదరనివ్వలేదు. అందరూ వంతులవారీగా తొందరయ్యను అరిచారు, ఎవరూ పులి మాట ఎత్తలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఈ రోజు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అయి ఉంటే అమ్మను నేను ఏమని తలుచుకునేదాన్నో, ఆలోచించడానికి కూడా ఇప్పటికీ ధైర్యం చాలదు.

ఇప్పుడు నాది నీడపట్టున పని. ఫ్యాను కింద నిలబడి పిల్లలకు నెమలిని చూపిస్తాను. జీతం నెలకొకసారి వస్తుంది, చిగురు ముదిరిపోతుందన్న తొందర లేదు. అయినా తరగతిలో గోడకు ఆనుకునే నిలబడతాను, వెనకాల ఖాళీ ఉంటే నాకు పాఠం సాగదు. అమ్మ, బాపు ఊళ్లోనే ఉన్నారు. అమ్మ ఇప్పుడు అడవికి పోదు. చిన్న పిల్లల తల్లుల్ని సమావేశానికి పిలిచినప్పుడు, మా బడిలో ఎవరో ఒకరు "మీరు పనుల్లో పడి పిల్లలతో కలిసి వింతలు చూడటం లేదు" అని మెత్తగా మందలిస్తారు. ఆ తల్లులు కూలి దినం పోగొట్టుకుని వచ్చినవాళ్లు, తలలు దించుకుని వింటారు. నాకు ఒళ్లు మండుతుంది. తొందరయ్య చూడలేదని ఎవరు చెప్పారు? రాసినవాళ్లు వంగి ఆయన కళ్లలోకి చూశారా? పులి పేజీలో ఆయన అడుగులు కొంచెం పెద్దవిగా ఉన్నాయని మొన్ననే గమనించాను.

కానీ పుస్తకం పూర్తిగా తప్పని కూడా అనలేను. బండ పక్కన పులి వచ్చి నిలబడ్డ దినమే, మధ్యాహ్నం పందిరి కింద ఇద్దరం ఆకు కట్టలు కడుతున్నాం. చేతులకు తునికాకు నలుపు అంటుకుని ఉంది. అమ్మ అటూ ఇటూ చూసి, ఏదో దొంగతనం అడుగుతున్నట్టు గొంతు తగ్గించింది.

"ఎట్లుండె బిడ్డా?"

"ఏంది?"

"గదే. నేను కాళ్లు సూసిన, అంతే. కండ్లల్ల కండ్లు వెడితే మీదికొస్తదని మా అవ్వ చెప్పేది. గందుకే మొకం సూడలె. నువ్వు సూసినవు గద. ఎట్లుండె?"

అప్పటిదాకా నాకు గుర్తున్నది భయం ఒక్కటే. అమ్మ అడిగాక వెతికితే మిగతాదంతా అక్కడే ఉంది. పండిన జొన్న చేను రంగని చెప్పాను. వీపంతా నల్లటి మచ్చలని, మెడ కింద మాత్రం పాలలా తెలుపని చెప్పాను. మీసాలు పొడుగ్గా ఉన్నాయని, ఎండకు దానికీ ఆయాసంగా ఉందేమో, మనలాగే నోరు కొంచెం తెరిచి ఊపిరి తీసుకుంటోందని చెప్పాను. నడుస్తుంటే ఎండుటాకు కూడా చప్పుడు చెయ్యలేదని చెప్పాను.

"మంచిగుండెనా?"

"మంచిగుండె, అమ్మా. శాన మంచిగుండె."

అమ్మ సగం కట్టిన కట్టను పక్కన పెట్టేసింది. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని నా ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"మల్ల చెప్పు" అంది.